మచ్చలు పలికే మిషను

మిషను నన్ను తన్నింది.

పొత్తికడుపు కింద, ఎముక మీద, సరిగ్గా మూత్రం దారి మీద పడింది తన్ను. నన్ను ముట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. డాక్టర్ సువార్త బల్లకి ఎడంగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇంజినీరు ఫణిభూషణం అద్దాల గోడ అవతల కూర్చుని ఉన్నాడు. నా నడుం కింద నీళ్ళు నింపిన మెత్తటి పట్టీ ఒకటి, లోపల దారమంత సన్నటి గొట్టం ఒకటి, అంతే. అయినా పడింది. కాలు వెనక్కి ఊపి మరీ తన్నిన తన్ను. అది ఏనాటిదో కూడా నాకు తెలిసిపోయింది. పోయిన వేసవిలో ఫ్యాను రిపేరుకి ఇవ్వడం మర్చిపోయానని మా ఆయన తన్నిన తన్ను అది.

"అమ్మ బాబోయ్" అని లేవబోయాను. ఆయమ్మ నా భుజాలు నొక్కి పట్టుకుంది.

"పలికింది మేడమ్, పలికింది!" అన్నాడు ఫణిభూషణం మైకులో, పెట్ట గుడ్డు పెట్టిందన్నంత సంబరంగా.

ఎదురు గోడ మీద తెర ఉంది. దాని మీద నా లోపలి భాగం బూడిద రంగులో కనిపిస్తోంది. మధ్యలో వంకర పోయిన సన్నటి దారి, దాని పక్కన ఎర్రగా ఒక ఆకారం మెల్లగా తేలింది. ముందు గుండ్రంగా, అంచున గీతతో, అచ్చం బూటు ముక్కు.

"ఏంటమ్మా ఇది?" అంది సువార్త.

"బాత్రూంలో జారి పడ్డానండి."

"మీ బాత్రూం బూట్లేసుకుంటుందా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కింద మంట పుట్టి ఏడుపొచ్చింది.

నా జబ్బు నలుగురిలో చెప్పుకునే జబ్బు కాదు. యూరిన్ రాదు. వచ్చినా చుక్క చుక్కగా, నిప్పులు పోసినట్టు వస్తుంది. బాత్రూంలో కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కూర్చోవాలి. లేచి చీర సర్దుకునేలోపు మళ్ళీ వచ్చినట్టుంటుంది. ఎవరికి చెప్పినా ఒకటే మాట, వేడి చేసిందని. సబ్జా గింజలు తాగమన్నారు, పలచటి మజ్జిగ తాగమన్నారు. నేను తాగిన బార్లీ నీళ్ళతో బందరు కాలవ కింద ఒక పంట పండేది. పెద్ద డాక్టర్లు రంగునీళ్ళు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు, గుహలాంటి మిషన్లో దూర్చి స్కానింగులు తీశారు. దారి మూసుకుపోతోందని అన్నిట్లోనూ కనిపించింది. గొట్టం పెట్టి వెడల్పు చేశారు, మళ్ళీ మూసుకుపోయింది. మళ్ళీ చేశారు, మళ్ళీ పోయింది. ఈలోగా పైన కిడ్నీ ఉబ్బడం మొదలైంది.

అప్పుడు ఎవరో గుంటూరు వైపు ఈ ఆస్పత్రి సంగతి చెప్పారు. అక్కడ సువార్త అనే డాక్టరు ఆడవాళ్ళ మూత్రనాళం ఒక్కదాన్నే పట్టుకుని పాతికేళ్ళుగా కూర్చుందట. మగవాళ్ళ నాళం మీద బీరువాల నిండా పుస్తకాలున్నాయి, ఆడవాళ్ళది వేలి మీద రెండు కణుపుల పొడుగైనా ఉండదు కదా, దానిలో చూసేదేముంది అని అందరూ వదిలేశారని ఆవిడ కోపం. ఆ కోపంలోంచి పుట్టింది ఈ మిషను.

"నీ నాళం చుట్టూ మచ్చ మీద మచ్చ ఉంది, ఉల్లిపాయ పొరల్లాగా," అని చెప్పింది మొదటి రోజే. "అన్నిటికంటే అడుగున ఉన్నది అసలు మచ్చ. దాన్ని కోసి తీస్తే దారి తెరుచుకుంటుంది. అది అనుకుని వేరేదాన్ని కోశామంటే యూరిన్ ఆపుకునే కండ తెగిపోతుంది. బతికినన్నాళ్ళూ కారుతూనే ఉంటుంది. అందుకని పై నుంచి ఒక్కో పొరే పలికించుకుంటూ కిందికి పోవాలి."

"పలికించడమేంటండి?"

"చెవికి వినపడని శబ్దంతో మిషను నొక్కుతుంది. దెబ్బ ఏ వైపు నుంచి పడిందో ఆ వైపు నుంచి నొక్కితేనే ఆ మచ్చ కదులుతుంది. కదిలిందంటే దాని వయసెంతో, ఏం తగిలి పడిందో తెలుస్తుంది. కాకపోతే మచ్చ పలికితే నరమూ పలుకుతుంది. అప్పుడు ఎంత నొప్పి పుట్టిందో ఇప్పుడూ అంతే పుడుతుంది."

"మత్తు ఇవ్వండి మరి."

"నరం నిద్రపోతే మచ్చ మూగపోతుందమ్మా. మొదట నేనే పడుకుని చూసుకున్నాను."

"మీకేం కనపడిందండి?"

"సైకిల్ బారు," అంది సువార్త, ఏమాత్రం సిగ్గుపడకుండా. "చిన్నప్పుడు మా నాన్న సైకిల్ తొక్కబోయి పడ్డాలే. యాభై ఏళ్ళొచ్చాక మళ్ళీ పడ్డాను."

ఆవిడకి సైకిల్ బారు. నాకు శోభనాద్రి.

శోభనాద్రి అంటే మా ఆయన. పేరు పెట్టి అనడం ఈమధ్యే అలవాటు చేసుకున్నాను, నోటికి బాగానే ఉంది. విజయవాడ ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పెద్ద మేస్త్రి. ఇనప చట్రాలు కాళ్ళ మీద పడకుండా ముందు రేకు ఉన్న బూట్లు వేసుకుంటాడు. మా ఇల్లు షెడ్డు వెనకాలే. ఇంట్లో ఆయన, నేను, పదేళ్ళు నిండబోతున్న మా అమ్మాయి జోషిత, మా అత్త తిరపతమ్మ. మామ నా పెళ్ళికి ముందే పోయాడు, ఆయన్ని నేను దండేసిన ఫోటోలో తప్ప చూడలేదు. ఆటోనగర్లో రేకులు కొట్టే చప్పుడు పొద్దస్తమానం ఉంటుంది కాబట్టి మా ఇంట్లో ఏ చప్పుడైనా అందులో కలిసిపోతుంది. అయినా నన్ను కొట్టడం మొదలవగానే మా అత్త లేచి కిటికీ రెక్కలు మూసేది. "ఇంటి గుట్టు లంకకు చేటు" అనేది. కొడుకుని ఆపడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆ మొదటి రోజు మిషను మూడు పొరలు పలికించింది. మూడూ బూటు ముక్కులే. ఇంకా చాలా ఉన్నాయి, మళ్ళీ వారం రమ్మని సువార్త వార్డుకి వెళ్ళిపోయింది. నేను బల్ల మీద ఒగరుస్తున్నాను. అప్పుడు ఆయమ్మ తలుపు తీసి, రోజూ అరిచినట్టే వరండాలోకి అరిచింది.

"నాంచారమ్మ తాలూకు ఎవరండీ?"

మన ఆస్పత్రుల్లో ఇదొకటి. బల్ల మీద పడుకున్న ఆడదానికి నోరుంటుంది, చెవులుంటాయి, బుర్ర కూడా ఉండొచ్చు. అయినా చెప్పాల్సింది మాత్రం బయట నిలబడ్డ మగాడికే చెబుతారు. తాలూకు మనిషిని పిలుస్తారు, ఆయనకి వివరిస్తారు, ఆయన తల ఊపుతాడు. ఆయమ్మ తప్పు లేదు, ఆమె ఎప్పుడూ చేసే పనే చేసింది.

శోభనాద్రి లోపలికొచ్చాడు. ఫణిభూషణం మిషన్లతో పుట్టి పెరిగిన మనిషి, మనుషుల సంగతి తెలీదు. నిలువెల్లా సంతోషంతో తెర దగ్గరికి తీసుకుపోయి వేలు పెట్టి చూపించాడు.

"చూడండి సార్, ఇంత స్పష్టంగా ప్రపంచంలో ఎక్కడా రాలేదు. ఇది బూటు ముక్కు. ఇదిగో ముందు రేకు అంచు. కుడికాలు. వయసు ఏడాది లోపు. ఇది రెండోది, మళ్ళీ అదే బూటు. ఎవరో మీ మిసెస్‌ని గట్టిగా తన్నారు సార్."

నేను బల్ల మీద నుంచి చూస్తున్నాను. మింగలేక, కక్కలేక అంటారే, అదీ నా పరిస్థితి. శోభనాద్రి తెరని చూశాడు. తన కాళ్ళకేసి చూసుకోలేదు. "చాలా థాంక్సండి, మంచి మిషను కనిపెట్టారు," అన్నాడు. నా చెయ్యి పట్టుకుని లేపి, మెట్ల మీద జాగ్రత్తగా దింపి, బండెక్కించుకున్నాడు. కృష్ణ బ్రిడ్జి దాటించి ఇంటికి తీసుకొచ్చాడు.

జోషితని షాపుకి పంపించాడు. తలుపేశాడు. తర్వాత మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పాడు. ఒకటి, తర్వాత రెండోది, పక్కపక్కన సర్ది పెట్టాడు. అప్పటిదాకా ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఎందుకు విప్పుతున్నాడో అర్థమయ్యాక గోడ వైపు జరిగాను.

"నా కాలు గోడ మీద బొమ్మేయించావా?" అన్నాడు. "ఇప్పుడేయించవే."

వట్టి కాలితో తన్నాడు. పడిపోయాక మడమతో తొక్కాడు. జుట్టు పట్టుకుని గడపకేసి కొట్టాడు, పన్ను విరిగి నోట్లో రక్తం నిండింది. నేను పొట్ట కింద చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీదే తన్నాడు. మణికట్టు కలుక్కుమంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అన్లేదు. పొద్దున మిషను పలికించిన చోటే మళ్ళీ పడుతుంటే, ఏది పాతదో ఏది కొత్తదో తెలీలేదు. మా అత్త లేచి కిటికీ రెక్కలు మూసింది. ఆవిణ్ణి నేను అంతగా అసహ్యించుకున్న రోజు ఇంకోటి లేదు.

తర్వాతి వారం నన్ను ఆస్పత్రికి పంపడానికి శోభనాద్రి ఒప్పుకున్నాడంటే కారణం, యూరిన్ పూర్తిగా ఆగిపోయింది. ఇంట్లో చస్తే పోలీసులొస్తారని భయం. తను రాకుండా, కాపలాగా తల్లిని పంపించాడు. "దాని పక్కనుండి కదలొద్దు. ఏం వాగుతుందో చూడు," అన్నాడు.

సువార్త నా మొహం చూసింది, కట్టు కట్టిన చెయ్యి చూసింది. అద్దాల గోడ అవతలికి పోయి ఫణిభూషణాన్ని ఏమందో వినపడలేదు గానీ, ఆ పెద్దమనిషి తల దించుకుని చాలాసేపు ఎత్తలేదు. తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"నాంచారమ్మా, నేను కుట్టినకొద్దీ వాడు చింపుతాడు. ఆపరేషన్ చేశాక ఒక్క తన్ను పడిందంటే ఇక నీకు ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. నువ్వు ఆ ఇంటికి తిరిగి వెళ్ళేట్టయితే నేను కత్తి పట్టను."

"అట్టా అనకండి. ఆయన మరీ అంత చెడ్డోడు కాదండి."

"ఇంకా ఎంత చెడాలి?"

అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పని మాట, నేను లోపల దాచుకుని బతుకుతున్న మాట. జోషిత నా కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ శోభనాద్రి నా మీద చెయ్యెత్తలేదు. గట్టిగా కూడా అరవలేదు. ఇంటికొచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. అంటే తలుచుకుంటే ఉండగలడన్నమాటే కదా. లోపలెక్కడో మంచి ఉన్నట్టే కదా. బిడ్డ పుట్టాక మళ్ళీ మొదలెట్టాడు, నిజమే. కానీ ఒకసారి మారినవాడు ఇంకోసారి మారడా? పదేళ్ళుగా ఆ తొమ్మిది నెలలే నాకు పిడికెడు మెతుకులు.

సువార్త లేచింది. పట్టీ బిగించింది.

ఆ రోజు మిషను నన్ను ఎన్నిసార్లు తన్నిందో నేను లెక్కపెట్టలేదు. మొదట వట్టి మడమ, పోయిన వారానిది. తర్వాత బూటు, బూటు, బూటు. ఒక్కో తన్నుకీ ఒక్కో పూట గుర్తొచ్చింది. ఇది కూర చల్లారిపోయినందుకు. ఇది పుట్టింటికి ఫోన్ చేసినందుకు. ఇది ఎందుకో ఆయనకే తెలీదు. ఆయమ్మ నా నోట్లో గుడ్డ పెట్టింది. గుడ్డ తడిసి కారింది. మధ్యలో వాంతి చేసుకున్నాను, కడిగి మళ్ళీ మొదలెట్టారు.

ఉన్నట్టుండి అంతా ఆగింది.

"ఇక్కడేం లేదు మేడమ్," అన్నాడు ఫణిభూషణం. "దాదాపు ఏడాది పాటు ఒక్క దెబ్బా లేదు. కండ శుభ్రంగా ఉంది. వయసు పదేళ్ళు."

"చూశారా!" అన్నాను. అంత నొప్పిలోనూ గర్వంగా అన్నాను. తలుచుకుంటే ఇప్పుడు నాకే రోత. "నేను చెప్పలా? మీ మిషనే చెప్తంది."

దాని కింద మళ్ళీ తన్నులున్నాయి. అన్నిటికీ అడుగున, పెళ్ళైన కొత్తల్లోది, అసలు మచ్చ దొరికింది. ఎక్కడ కొయ్యాలో సువార్త తెర చూసి నా కేసు కాగితంలో గీసి పెట్టుకుంది.

ఇదంతా జరుగుతుంటే మా అత్త మూల కుర్చీలో కూర్చుని ఉంది. కూర్చుంది అనడం కంటే లేస్తూ కూర్చుంటూ ఉంది అనాలి. అరగంటకోసారి బాత్రూంకి పోయేది. కుళాయి తిప్పి వదిలేది. ఎంతకీ వచ్చేది కాదు. ఇంట్లోనూ ఇంతే, మోకాళ్ళ నొప్పుల వల్ల లేవలేకపోతున్నానని చెప్పేది, మేం నమ్మేవాళ్ళం. సువార్త నమ్మలేదు.

"పెద్దమ్మా, ఎన్నాళ్ళ నుంచి మీకీ ఇబ్బంది?"

"ఏం ఇబ్బంది? వయసు మీద పడ్డాక అందరికీ ఉండేదే."

"ఒకసారి పడుకోండి. చూస్తాను."

మా అత్త తలుపు వైపు చూసింది. కొడుకు లేడు. "మంట తగ్గుద్దా?" అని అడిగింది, చిన్నపిల్లలాగా.

"దారి తెలిస్తే తగ్గించొచ్చు."

నేను నిలబడలేక గోడకి ఆనుకుని చూస్తున్నాను. మిషను మా అత్తని తన్నింది. ఆవిడ ఒళ్ళు బల్ల మీద ఎగిరి పడింది. నోట్లోంచి మాత్రం చిన్న శబ్దం కూడా రాలేదు. పెదవి కొరుక్కుంది, అంతే. నేనైతే మొదటి తన్నుకే ఆస్పత్రి ఎగిరిపోయేలా అరిచాను. ఆవిడకి ఎంత అలవాటో అప్పుడు తెలిసింది.

మామ తన్నులయ్యుంటాయి అనుకున్నాను. మొహం తిప్పుకున్నాను కూడా. పోయినవాళ్ళ సంగతి మనకెందుకని.

"ఇదేంటి?" అన్నాడు ఫణిభూషణం మైకులో. ఈసారి గొంతులో సంబరం లేదు. "మేడమ్, ఒకసారి చూడండి. అదే బూటు."

తెర మీద బూటు ముక్కు ఉంది. ముందు గుండ్రంగా, రేకు అంచుతో.

"వయసు?" అంది సువార్త.

"పదేళ్ళు. దీని తర్వాత ఇంకేం లేవు. దీని కింద చాలా ఉన్నాయి, అన్నీ దగ్గర దగ్గరగా, అన్నీ ఆ ఏడాదివే."

మళ్ళీ తన్నింది. ఇంకో బూటు. మళ్ళీ, ఇంకోటి. నేను ఆ తెరని చూస్తూనే ఉన్నాను. మామ పోయి అప్పటికి చాలా ఏళ్ళైంది. నా ఒంట్లో శుభ్రంగా ఉన్న ఆ ఏడాది, మా అత్త ఒంట్లో ఖాళీ లేకుండా నిండిపోయి ఉంది.

"ఆపండి," అని అరిచాను. ఫణిభూషణం ఆపాడు. బల్ల దగ్గరికి పోయాను.

"అత్తయ్యా, ఏంటిది?"

ఆవిడ కళ్ళు మూసుకునే మాట్లాడింది. "కడుపుతో ఉన్నదాన్ని తంతే బిడ్డ పోద్ది. వాడికి ఎవర్నో ఒకర్ని తన్నకపోతే ఒంట్లో కసి తీరదు, వాళ్ళ నాన్నా అంతే. పప్పులో గుప్పెడు ఉప్పు పోసి వడ్డించేదాన్ని. ఇంకేం, కోపం నా మీదికి మళ్ళేది."

"అప్పుడే నన్ను మీరు పైవాటా వాళ్ళింటికి పంపేవాళ్ళు, సీరియల్ చూసి రమ్మని."

"నువ్వుంటే అడ్డం పడతావు కదే."

కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఏంటో అంతవరకూ నాకు తెలీదు. ఆ రోజుల్లో నేనేమనుకున్నానో చెప్పనా? ముసల్దానికి కుళ్ళు, మొగుడికి నా చేత్తో అన్నం పెట్టనివ్వడం లేదు అనుకున్నాను. పైవాటా ఆవిడతో చెప్పుకుని నవ్వాను కూడా.

"మరి బిడ్డ పుట్టాక?"

"తర్వాత నాకు ఓపిక లేకపోయిందే," అంది మా అత్త. "నన్ను తిట్టుకో."

పదేళ్ళుగా పట్టుకు వేలాడిన ఆ తొమ్మిది నెలలు నా చేతుల్లోంచి జారిపోయాయి. వాడు మారలేదు. ఒక్క రోజు కూడా మారలేదు. తన్నే మనిషిని మార్చాడు, అంతే.

అప్పుడే తలుపు దఢాలున తెరుచుకుంది. తల్లి ఫోను ఎత్తడం లేదని శోభనాద్రి బండేసుకుని వచ్చేశాడు. వరండాలో అడ్డం వచ్చిన ఆయమ్మని తోసేసినట్టున్నాడు, ఆమె ఏడుపు వినపడుతోంది. బల్ల మీద తల్లిని చూశాడు, తెర మీద తన బూటు చూశాడు.

"నిన్ను కూడా పడుకోబెట్టారా?" అన్నాడు.

మూలనున్న సెలైన్ స్టాండు లాక్కున్నాడు. మొదటి దెబ్బ తెరకి. రెండోది అద్దాల గోడకి. అద్దం పగిలి ఫణిభూషణం మీద పడింది. ఆయన చెంప చీలి చొక్కా ఎర్రబడింది. సువార్త మిషను పెట్టెకి అడ్డం నిలబడి చేతులు చాపింది. శోభనాద్రి ఆ చేతుల మీదే కొట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. ఆవిడ కూలబడ్డాక మిషనుని వరసబెట్టి బాదాడు, చట్రాలు బాదే చెయ్యి కదా. పట్టీ తెగి నీళ్ళు నేలంతా పారాయి.

తర్వాత నా వైపు తిరిగాడు.

మా అత్త బల్ల దిగింది. ఎలా దిగిందో తెలీదు. నాకూ వాడికీ మధ్య వచ్చి నిలబడింది. "ఒరే, నిన్న నీ అన్నంలో వెంట్రుక కావాలనే వేశాన్రా. నీ బాబులాగే నువ్వూ పనికిమాలినోడివిరా," అంది. ఆ గొంతు, ఆ నిలబడ్డ తీరు చూస్తే, ఎన్నిసార్లు చేసిన పనో తెలిసిపోతుంది. వాడి కళ్ళు నా మీద నుంచి ఆవిడ మీదికి మళ్ళాయి. స్టాండు పారేసి కాలు వెనక్కి ఊపాడు.

నేను మా అత్తని జాకెట్టు పట్టుకుని పక్కకి ఈడ్చాను. తన్ను గాల్లో పోయింది. తడి నేల మీద వాడు జారి ఒక మోకాలి మీద పడ్డాడు. స్టాండు నా కాళ్ళ దగ్గరే ఉంది. విరగని చేత్తో అందుకుని ఆ మోకాలి మీద కొట్టాను. వాడు గావుకేక పెట్టాడు. మళ్ళీ కొట్టాను. ఎముక లోపలికి దిగింది. రెండో కాలు మీద కొట్టాను. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీద కొట్టాను. హాయిగా ఉంది. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. తల మీద కొట్టబోతుంటే మా అత్త నా నడుం వాటేసుకుంది.

"ఆపవే, చచ్చిపోతాడు!"

"చావనీ!"

"వాడు చస్తే వాడికి పోయేదేం లేదు. నువ్వు జైలుకి పోతావు. పిల్లకి దిక్కెవరే?"

పిల్ల మాట వినేసరికి చేతిలో పట్టు సడలింది. స్టాండు కింద పడేశాను.

పోలీసులు వచ్చేసరికి శోభనాద్రి నీళ్ళల్లో పడి దొర్లుతున్నాడు. ఎస్సైని చూడగానే ఏడుపు లంకించుకున్నాడు. "అమ్మా, చెప్పవే! అది నన్ను చంపబోయిందని చెప్పవే!"

ఎస్సై మా అత్త వైపు తిరిగాడు. "మీ అబ్బాయేనా?"

"నేను కన్నవాడేనండి," అంది తిరపతమ్మ. "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా? కోడలు కొట్టింది, నిజమే. వాడు కొట్టినవి నా ఒంట్లో ఉన్నాయి. ఆ మిషను బాగుపడితే మీకూ చూపిస్తారు. ముందు వీణ్ణి తీసుకుపొండి."

శోభనాద్రి ఇంకా అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి గానీ వెనక్కి చూడలేదు.

నా ఆపరేషన్ అయిపోయింది. సువార్త చేతికి కట్టు ఉండగా, ఆవిడ చెబుతుంటే ఆవిడ శిష్యురాలు చేసింది. అడుగు మచ్చ ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి సరిగ్గా అక్కడే కోసింది. గొట్టం తీసిన రోజు బాత్రూంకి వెళ్ళాను. ధారగా వచ్చింది. మంట లేదు. అక్కడే కూర్చుని కరువు తీరా ఏడ్చాను.

మా అత్త సంగతే మిగిలిపోయింది. అడుగు పొర దాకా పోకుండానే మిషను పగిలిపోయింది. ఆస్పత్రి పెద్దలు ఆ మిషను మళ్ళీ వద్దన్నారు. ఆడవాళ్ళు అరుస్తున్నారు, మగవాళ్ళొచ్చి పగలగొడుతున్నారు, మనకెందుకీ గొడవ అన్నారు. సువార్త వాళ్ళతో పోట్లాడింది. ఫణిభూషణం చెంపకి కుట్లతోనే కూర్చుని ముక్క ముక్క అతికించాడు. అతికించాక ఒక సంగతి చెప్పాడు. పాతవేవీ మిషనుకి గుర్తులేవు, పెద్దమ్మకి మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలని.

మొదట్నుంచీ అంటే ఆ తొమ్మిది నెలలూ. ఒక్క తన్ను కూడా వదలకుండా.

"వద్దత్తయ్యా," అన్నాను. "పొట్టకి గొట్టం పెట్టి సంచీ తగిలిస్తారంట. నేను మారుస్తుంటాగా."

"చచ్చేలోపు ఒక్కసారైనా సుఖంగా ఒంటికి పోవాలనుందే," అంది ఆవిడ. చెప్పులు విప్పి తనే బల్లెక్కింది.

నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మిషను తన్నింది. నెల చెప్పాడు ఫణిభూషణం. అది నాకు నెలలు నిండిన సమయం. కాళ్ళు వాచాయని పైవాటా ఆవిడ నాకు వేణ్ణీళ్ళు కాచి పోసిన రోజులు. మళ్ళీ తన్నింది. ఇది సీమంతం నెల. నా చేతులకి గాజులు తొడుగుతూ అందరూ పాటలు పాడారు, మా అత్త కుంటుకుంటూ తాంబూలాలు పంచింది. ఆ దెబ్బలన్నీ నావి. ఆవిడ ఒంట్లో ఉన్నాయి. ఆవిడ పెదవి కొరుక్కుని బిగదీసుకుని ఉంది. పెదవి మీద రక్తం కనపడుతోంది.

"అరవండి అత్తయ్యా," అన్నాను. "నోరు తెరిచి అరవండి."

వద్దన్నట్టు తల ఊపింది. మిషను మళ్ళీ తన్నింది. అప్పుడు అరిచింది. నేను ఆవిణ్ణెరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి అరిచింది. ఆ అరుపుకి అవతల గదిలో చేతిలో పని వదిలేసి సువార్త పరిగెత్తుకొచ్చింది. ఇంకోటి పడింది, ఇంకా గట్టిగా అరిచింది. వాడి బాబునీ వాణ్ణీ కలిపి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. నా చెయ్యి నలిగిపోతోంది. నేను తియ్యలేదు.

కాస్త ఊపిరి తీసుకుని నా వైపు చూసింది.

"ఇంకా చాలా ఉన్నయ్యా?"

తెర వైపు చూశాను. నాకు వేవిళ్ళు పట్టిన నెలలింకా మొదలే కాలేదు.

"చాలా ఉన్నాయత్తయ్యా."

"సరే, కానిమ్మను," అంది.